బిగుసుకుపోయిన మిచెల్ 300: సమాధానం

అన్నా, అటక మీద పదేళ్లు పడున్న మిచెల్ 300 చేపల గాలం రీలు హ్యాండిల్ తిరగట్లేదు, గేర్లు పోయినట్టేనా అన్నారు. చాలాసార్లు గేర్లు బాగానే ఉంటాయి, లోపలి పాత గ్రీజు బంకలా గట్టిపడి ఉంటుంది. బలంగా మాత్రం తిప్పకండి, పళ్లు విరుగుతాయి.

స్పూల్ (లైన్, అంటే గాలపు దారం చుట్టి ఉండే చక్రం) తీసి, పక్క మూత విప్పండి. స్క్రూ గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవరే వాడండి. ఏది తీసినా ముందు ఫోటో తీసుకోండి. గేర్ల కింద సన్నటి వాషర్లు ఉంటాయి, గ్రీజుకు అంటుకుని కనపడవు. అవి పోతే గరగర మొదలవుతుంది. లోహపు భాగాలను రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. స్పూల్‌లోని డ్రాగ్ వాషర్లకు (చేప లాగినప్పుడు లైన్‌ను బిగువుగా వదిలే బ్రేకు బిళ్లలు) మాత్రం కిరోసిన్ తగలకూడదు, పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఆరాక గేర్లకు మెరైన్ గ్రీజు పలుచగా రాయండి. హ్యాండిల్ పిడికీ, బెయిల్ (లైన్‌ను స్పూల్ మీదికి చుట్టే వంపు తీగ) కీళ్లకూ కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. బెయిల్ మీద లైన్ జారే చోట దూది రుద్ది చూడండి. పోగులు చిక్కుకుంటే అక్కడ గాడి పడిందన్నమాట, ఆ భాగం మార్చాల్సిందే, లేకపోతే లైన్ తెగుతుంది.

ఫ్రాన్స్‌లోని క్లూజ్‌లో తయారైన రీలు ఇది. దయచేసి పాత ఇనుముకి వేయకండి. మూత తీశాక ఫోటో పెట్టండి, చూస్తాను.