టీసీ అడిగిందెవరు?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. ఒక క్రైస్తవ కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. వయసు 20. హాస్టల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. టిన్ను నీళ్లకు విడిగా డబ్బు వసూలు చేస్తారు, రసీదు ఇవ్వరు. 180 మందిమి సంతకాలు చేసి ప్రిన్సిపాల్‌గారికి అర్జీ ఇచ్చాం. పట్టించుకోలేదు. ఉదయం ప్రార్థనలో నేను లేచి ఆ అర్జీలో విషయాలు అందరికీ చెప్పాను. మర్నాడు మా నాన్నగారిని పిలిపించారు. ఆయన అదే మిషన్ సంఘంలో పాస్టరు. ‘మీ అంతట మీరే తీసుకెళ్తే మర్యాద’ అన్నారట. సొంత కారణాల వల్ల టీసీ ఇప్పించమని ఆయన రాసి సంతకం పెట్టారు. ఇది జరిగి పన్నెండు రోజులైంది. టీసీ నేనింకా తీసుకోలేదు. సండే స్కూల్లో పాఠాలు చెప్పే నన్ను దేవునికి వ్యతిరేకినన్నారు. మైనారిటీ సంస్థను ఎవరూ ప్రశ్నించలేరంటున్నారు. అర్జీ కాపీ మా దగ్గర లేదు. పాత తేదీ వేసి ఇంకొకటి తయారు చేద్దామని ఒక సీనియర్ అంటున్నాడు. కాలేజీలో మాకు మాట్లాడే హక్కు లేదా?

జవాబు: అమ్మా, మీ భక్తిని ఎవరు శంకించారన్నది కోర్టు ముందుకు రాదు. జడ్జిగారు మొదట అడిగేది ఒక్కటే: టీసీ కావాలని అడిగిందెవరు?

కాలేజీ లాయరు ఆ దరఖాస్తు చూపించి, ‘మేం ఎవర్నీ తీసెయ్యలేదు, తండ్రే వచ్చి తీసుకెళ్తానన్నాడు’ అంటాడు. తీసెయ్యడమే జరగలేదంటే నోటీసు ఎందుకివ్వలేదు, సంజాయిషీ ఎందుకు వినలేదు అని అడిగే చోటే ఉండదు. మాట్లాడే హక్కు గురించి మీరు రాసిందంతా ఆ ఒక్క కాగితం దగ్గర ఆగిపోతుంది.

అయితే దాని మీద మీ సంతకం లేదు. 18 ఏళ్లు నిండిన మనిషి చట్టం ముందు మేజర్. ఫీజు నాన్నగారు కట్టి ఉండొచ్చు, అడ్మిషన్ మాత్రం మీది. మీ అనుమతి లేకుండా ఆయన దాన్ని వదులుకోలేరు. మీ కేసుకు బలం ఇక్కడే ఉంది. టీసీ తీసుకోకపోవడం మీరు చేసిన మంచి పని. ‘ముందు భీమవరంలో చేరిపో, గొడవ తర్వాత చూసుకుందాం’ అని బంధువులు చెబుతారు. వినకండి. ఆ టీసీ పట్టుకుని ఇంకో కాలేజీలో చేరితే నాన్నగారి దరఖాస్తును మీరూ ఒప్పుకున్నట్టే లెక్క.

కానీ పన్నెండు రోజులు నోరెత్తకుండా ఎలా ఉన్నారు? ఒప్పుకున్నారు కాబట్టే ఊరుకున్నారని అవతలివాళ్లు అంటారు. ఈరోజే ప్రిన్సిపాల్‌కు మీ పేరుతో, మీ సంతకంతో ఉత్తరం రాయండి. ఫలానా తేదీన మా నాన్నగారు ఇచ్చిన దరఖాస్తు నా అనుమతితో ఇచ్చింది కాదు, నాకు టీసీ వద్దు, క్లాసులకు రానివ్వండి, నా మీద ఆరోపణ ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంతే రాయండి. నీళ్ల సంగతి, భక్తి సంగతి అందులో కలపొద్దు. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ రుజువు దాచండి. ఒక కాపీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు పంపండి.

నాన్నగారు కూడా ఒక కాగితం రాసిస్తే మరీ మంచిది. ఆ రోజు గదిలో ఎవరెవరున్నారు, ఎవరేమన్నారు, దరఖాస్తులోని మాటలు ఎవరు చెప్పి రాయించారు అన్నవి ఉండాలి. ఆయన జీవనం ఆ మిషన్ మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఒత్తిడి వాదన నిలబడుతుంది. భయపడితే మాత్రం బలవంతపెట్టకండి. మీరు మేజర్ అన్న పాయింటుకు ఆయన సాక్ష్యం అక్కర్లేదు.

ఇక అర్జీ. 180 సంతకాలు సేకరించడానికి పడిన కష్టంలో పదోవంతు పడి ఒక జిరాక్స్ తీయించుకోలేకపోయారా? రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలని ఎవరికీ తోచలేదా? ఇది చాలా నిర్లక్ష్యం.

దాన్ని సరిదిద్దడానికి సీనియర్ చెప్పిన దారి పట్టారో, బాధితురాలిగా వెళ్లి ముద్దాయిగా మిగులుతారు. కోర్టు కోసం దొంగ సాక్ష్యం తయారు చేస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. సంతకం పెట్టిన పిల్లల్లో ఒక్కరు అడ్డంగా ప్రశ్నిస్తే తడబడినా చాలు, మీ నిజం కూడా అబద్ధమైపోతుంది. ఆ కాగితం తయారై ఉంటే ఎక్కడా వాడకండి. దానికి బదులు, సంతకాలు చేసినవాళ్లలో ధైర్యమున్న ఐదారుగురు తమ చేతిరాతతో, ఈనాటి తేదీతోనే, ఫలానా రోజున అర్జీ మీద సంతకం చేశామని రాసివ్వాలి. ఎవరి ఫోన్లోనైనా అర్జీ ఫొటో ఉంటే డిలీట్ చెయ్యొద్దు, ఫోన్ మార్చొద్దు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేస్తే ఆ ఫొటో సాక్ష్యంగా పనికొస్తుంది.

మీ బలహీనత ఆ ఉదయం ప్రార్థన. ఆశీర్వాదం అయిపోయి ప్రకటనలు చదివేటప్పుడు లేచారా, ప్రార్థన మధ్యలోనా? మీ ఉత్తరంలో ఇది తేలలేదు. ఆరాధనకు కావాలని ఆటంకం కలిగించడం భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద నేరం. మధ్యలో లేచి ఉంటే మీ లాయరుకు దాచకుండా చెప్పండి. ఆ సమయం ఎంచుకున్నందుకు మాత్రం విచారం చెప్పొచ్చు. అర్జీ ఇచ్చినందుకు క్షమాపణ చెప్పనక్కర్లేదు. వాళ్లు టైపు చేసి ఇచ్చిన ఏ క్షమాపణ పత్రం మీదా సంతకం పెట్టొద్దు.

మైనారిటీ మాటకు భయపడకండి. మైనారిటీలు తమ విద్యాసంస్థలు పెట్టి నడుపుకోవచ్చని రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చిన హక్కు విలువైనదే. మిషన్లు మన డెల్టాలో చదువులు పెట్టకపోతే ఎన్నో ఇళ్లలో మొదటి డిగ్రీ ఉండేది కాదు. కానీ నడిపే హక్కులో అడ్డగోలుగా నడిపే హక్కు లేదని సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో చెప్పింది. విద్యార్థుల పరీక్షలు రద్దు చేసే ముందు వాళ్ల మాట వినాలని 1962లో యూపీ బోర్డు కేసులో చెప్పింది. ట్రస్టు నడిపే ప్రైవేటు కాలేజీ మీదా రిట్, అంటే హక్కు కాపాడమని నేరుగా హైకోర్టులో పిటిషన్, వేయొచ్చని 1989లో తేలింది. మీది ప్రభుత్వ గ్రాంటు అందే ఎయిడెడ్ కాలేజీ అయితే ఆ వాదన ఇంకా గట్టిది. ఒక్క జాగ్రత్త: క్యాంపస్‌లో పార్టీ రాజకీయాలను కాలేజీ నిషేధించవచ్చని కేరళ హైకోర్టు 2003లో తీర్పిచ్చింది. కాబట్టి గేటు దగ్గరకు ఏ పార్టీ జెండానీ, ఏ నాయకుడినీ రానివ్వకండి. నీళ్లు, రసీదుల గురించిన అర్జీ అర్జీగానే ఉండాలి.

యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఆ ఉత్తరంతో పాటే కమిటీకి ఫిర్యాదు ఇవ్వండి, నీళ్ల సంగతి అందులో రాయండి. వాళ్లు 15 పనిదినాల్లో తేల్చాలి. నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లో యూనివర్సిటీలో విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి అయిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయాలి.

రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేదు. కానీ ఆలస్యాన్ని హైకోర్టు క్షమించదు. మీకు అసలైన గడువు సెమిస్టర్ పరీక్ష ఫీజు ఆఖరి తేదీ. అది దాటితే ఆర్డరు వచ్చినా ఏడాది పోతుంది. ఉత్తరానికి వారంలో కదలిక లేకపోతే, కమిటీ కోసం ఎదురుచూడకుండా, పరీక్ష రాయనివ్వాలని మధ్యంతర ఉత్తర్వు కోరుతూ అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయించండి.

ఖర్చు గురించి టెన్షన్ వద్దు. ఆదాయం ఎంతున్నా మహిళలకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. దగ్గరి కోర్టులోని మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పదో తరగతి సర్టిఫికెట్ తప్పకుండా పట్టుకెళ్లండి. మీరు మేజర్ అని చూపించేది అదే.