సిరిమానుకి ఇల్లు ముస్తాబు చేయాలంటే అప్పు చేయాలా?

ప్రశ్న: మాది విజయనగరం. కంటోన్మెంట్ దగ్గర డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొని మొన్ననే గృహప్రవేశం చేశాం. లోన్ 25 లక్షలు, 20 ఏళ్లు, వడ్డీ 8.5 శాతం, నెలకి 21,700 వాయిదా. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 64,000 వస్తాయి. పాప స్కూలు ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 24,000. సాయంత్రమైతే ఫోన్‌లో ఏదో ఒకటి ఆర్డర్ చేసేస్తున్నాం, దానికే 6,500 దాకా పోతోంది. నెలకి 5,000 చొప్పున 20 నెలల చీటీ ఒకటి, ఎనిమిది నెలలు కట్టాం. బ్యాంకులో 85,000 మిగిలాయి. ఇల్లు బోసిగా ఉందని మా అత్తగారు అంటున్నారు. పైడితల్లమ్మ సిరిమానుకి చుట్టాలొచ్చేలోపు అన్నీ చేయించేయాలని మా ఆయన. పండగ ఇంకా నాలుగు నెలలుంది. ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్, వాల్‌పేపర్, మాడ్యులర్ కిచెన్ అన్నీ కలిపి 4 లక్షలవుతాయని ఇంటీరియర్ అతను చెప్పాడు. బ్యాంకువాళ్లు ఉన్న హోమ్ లోన్ మీదే అదనంగా, 9 శాతానికి 20 ఏళ్ల టాప్ అప్ లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దమ్మా.

ఆ 4 లక్షలకి వాయిదా నెలకి 3,600 కదా, ఎంతలే అనిపిస్తుంది. బ్యాంకు ఫోన్‌లో చెప్పేదీ ఆ ఒక్క అంకే. 20 ఏళ్లకి లెక్క కడితే మీరు తీర్చేది 8 లక్షల 64 వేలు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ టీవీ యూనిట్ ఉండదు, అందులో పెట్టిన టీవీ అంతకన్నా ముందే పోతుంది, వాయిదా మాత్రం ఉంటుంది. హోమ్ లోన్ మీద పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెబితే అది మీకు వర్తించదు. కొత్త పన్ను విధానంలో మీ జీతాలకి అసలు పన్నే పడదు, ఇక మిగుల్చుకునేదేముంది?

డబ్బు సంగతి అటుంచితే, వద్దనడానికి ఇంకో కారణం మన వాతావరణం. కొత్త ఇంటి గోడల్లో తడి ఆరడానికి నెలలు పడుతుంది. మీరు చేరాక ఇంకా ఒక్క వానాకాలం కూడా గడవలేదు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న. సిరిమాను కూడా దసరా వెళ్లిన మంగళవారమే, అంటే తుపాన్ల సమయంలోనే. ఏ బాత్రూమ్ గోడ చెమ్మగిల్లుతుందో, ఏ కిటికీ మూల నుంచి నీళ్లు దిగుతాయో చూడకుండానే వాల్‌పేపర్ అంటిస్తే దాని వెనక బూజు పడుతుంది. పైనుంచి నీరు కారితే ముందు పాడయ్యేది ఫాల్స్ సీలింగే. ఈ వానలకి ఇంటిని గమనించండి. ఎక్కడ చెమ్మ కనిపించినా ఫోటో తీసి, తేదీతో సహా బిల్డర్‌కి రాసి పంపండి. లోపాలు సరిచేసే బాధ్యత వాళ్లదే. మీరు పైన అలంకరణలు చేయించేశాక అడిగితే, మీ పనివాళ్ల వల్లే లీకయిందంటారు.

మీ ఆయనకి ఈ మాట చెప్పి చూడండి. సీలింగ్ వద్దంటే ఒప్పుకోని మగవాళ్లు కూడా లీకేజీ అంటే ఆగుతారు.

ఇప్పుడు మీ నెల లెక్క. వాయిదా, చీటీ, ఇంటి ఖర్చు పోగా 13,300 మిగలాలి. అందులో సగం తిండి ఆర్డర్లకి పోతోంది. దాన్ని పూర్తిగా మానేయమని నేను చెప్పను. ఇల్లు కొన్న మొదటి ఏడాది నోరు కట్టేసుకుని బతికితే ఆ ఇంటి మీదే విసుగు పుడుతుంది. పైగా అలా మానేసినవాళ్లు మూడో నెలకి రెట్టింపు ఆర్డర్ చేస్తారు. 6,500ని 3,000 చేయండి చాలు. నెలకి రెండుసార్లు బయట తిండి, మిగతా రోజులు ఇంట్లో చిరుతిండి.

అది ఎంత తేలికో చెబుతాను. మన ఊళ్లలో బండి మీద దొరికే మురీ మిక్చర్‌కి కావలసింది మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, కాస్త కారం, నిమ్మకాయ, వేయించిన పల్లీలు. ఐదు నిమిషాల పని. పల్లీ ఉండలకి వేయించి పొట్టు తీసిన పల్లీలు రెండు కప్పులైతే బెల్లం ఒక కప్పు. పాకం చుక్క నీళ్లలో వేస్తే గట్టి ఉండ కట్టాలి, అప్పుడు దించేసి పల్లీలు కలిపి, వేడి మీదే నెయ్యి చేత్తో చుట్టేయాలి. డబ్బాలో వేస్తే పాప స్కూలు నుంచి వచ్చాక రెండు వారాలు సరిపోతాయి, మీరొక్కసారి ఆర్డర్ చేసే డబ్బుతోనే. ఇల్లు బోసిగా ఉందంటున్న మీ అత్తగారిని నెలకోసారి జంతికలో బెల్లం గవ్వలో చేసిపెట్టమని అడగండి. ఆవిడ కాదనరు, చూస్తూ ఉండండి. వచ్చిన చుట్టాలకి ప్లేట్లో అవి పెట్టి, పలాస జీడిపప్పు నాలుగు పక్కన వేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ 3,000 పోగా నెలకి 10,300 ఉంటుంది. 6,000 బ్యాంకులో ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్)లో వేయండి. 1,500 ఇంటి మరమ్మతులకి విడిగా పెట్టండి. మిగిలిన 2,800 ఇల్లు అందంగా చేసుకోవడానికే, ఇందులో మొహమాటం వద్దు. సిరిమాను నాటికి 11,200 అవుతుంది.

ఈ డబ్బుతో ఏం వస్తుందని మీ ఆయన నవ్వొచ్చు. ముందు కిటికీలకి దోమల మెష్. అది అలంకరణ కాదుగానీ విజయనగరంలో అది లేకుండా సాయంత్రం హాల్లో కూర్చోలేరు. తర్వాత కర్టెన్లు. రెడీమేడ్ వద్దు, బట్ట కొని దర్జీకి ఇవ్వండి, కొలతకి సరిపోతాయి. దిండు గలీబులు బీరువాలో కట్టని పాత పట్టుచీరతో వచ్చేస్తాయి. హాల్లో బయటి వైపుది కాని గోడ ఒక్కటి చూసుకుని, వానలు తెరిపి ఇచ్చినప్పుడు రంగు వేయించండి. ఒకటి రెండు లీటర్ల ఎమల్షన్ పట్టే పని. తెల్లగా మండే ట్యూబ్‌లైట్ పక్కన పసుపు వెలుతురు బల్బు ఒకటి పెట్టిస్తే గది రూపమే మారిపోతుంది, ఆ బల్బు ఖరీదు తెలిస్తే ఫాల్స్ సీలింగ్ అడిగినందుకు మీకే సిగ్గేస్తుంది. మనీ ప్లాంట్ కొమ్మలు పక్కింటివాళ్లని అడగండి. కొనాల్సిన మొక్క కాదది.

గోడకి తగిలించేది, షెల్ఫ్‌లో పెట్టేది కొనాలనుకుంటే ఒక్కటే కొనండి, మన ప్రాంతానిదే కొనండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేస్తారు, జ్ఞాపికగా ఇచ్చే చిన్న వీణలూ అక్కడ దొరుకుతాయి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి సామాను చేస్తారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు సరే సరి. నా ఓటు బుడితి ఇత్తడికి. చింతపండుతో తోముకుంటే మీ పాప పెళ్లి దాకా మెరుస్తూనే ఉంటుంది.

ఇక కిచెన్. మీ నాలుగు లక్షల్లో నిజంగా అవసరమైనది అదే, మీరు రోజూ నిలబడేది అక్కడే. దానికి చీటీ ఉంది. ఇప్పుడే పాడుకోకండి, ముందు పాడితే వదులుకునే డబ్బు కూడా వడ్డీ లాంటిదే. ఇంకో పన్నెండు నెలలకి చివరి చీటీగా దాదాపు లక్ష చేతికొస్తుంది. అప్పటికి మీకు ఏ అర ఎక్కడ కావాలో తెలుస్తుంది కూడా. కార్పెంటర్‌తో కింది అరలు, గ్యాస్ పక్క డ్రాయర్లు మాత్రం చేయించండి. మీ చీటీ రిజిస్టరయినదేనా అన్నది మాత్రం ఈ వారమే కనుక్కోండి.

బ్యాంకులోని 85,000 జోలికి వెళ్లొద్దు. దాదాపు నాలుగు వాయిదాల డబ్బది. అనుకోని అవసరాలకని మీ వాయిదా, ఇంటి ఖర్చు కలిపి ఆరు నెలలకి 2,74,000 చేతిలో ఉండాలి. ఆర్డీతో అక్కడికి చేరడానికి దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది, పడనివ్వండి. ఈలోపు బోనస్ లాంటిది వస్తే లోన్‌లో వేయండి. ఫ్లోటింగ్ వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) లోన్‌కి ముందే కడితే జరిమానా ఉండదు. మొదట్లోనే ఒక లక్ష అదనంగా కడితే మీ లోన్ దాదాపు 23 నెలలు ముందు తీరుతుంది. ఇంటికి బీమా తీసుకున్నారో లేదో రాయలేదు. భారత్ గృహ రక్ష అని 2021 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న పాలసీ ఉంది, తుపానూ వరదా అందులో కవరవుతాయి. అక్టోబర్‌లోపు తీసుకోండి.

టాప్ అప్ కోసం బ్యాంకు మళ్లీ ఫోన్ చేస్తే మర్యాదగా వద్దని చెప్పి, రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ గురించి మీరే ఒక ప్రశ్న అడగండి: మా లోన్ రెపో రేటుకి ముడిపడి ఉందా, రెపో తగ్గినప్పుడు మాకు ఎంత తగ్గించారు? జవాబు ఈమెయిల్‌లో పంపమనండి.