కోవెంట్రీకి పంపారంటే ట్రాన్స్‌ఫర్ అనుకున్నా

చిక్కుల్లో పడ్డప్పుడు, ఎవరికైనా కోపం తెప్పించినప్పుడు ఇంగ్లీషువాళ్లు వాడే జాతీయాలు ఎలా అర్థం చేసుకోవాలని అడిగారు. నన్నడిగితే సగం మనకు ముందే తెలుసు. 'ఇన్ ద సూప్' అంటే మన కుడితిలో పడ్డ ఎలుకే. 'ఇన్ ద డాగ్‌హౌస్' అంటే పెళ్లిరోజు మర్చిపోయిన మొగుడి పరిస్థితి. కొంప ముంచేవి ఊరి పేర్లున్నవి.

2016లో బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటూ వారాంతాల్లో ఒక గోడౌన్‌లో నైట్ డ్యూటీ చేసేవాణ్ణి. అక్కడ బ్రేక్‌లో ఎవరో ఒకరు లేచి అందరికీ టీ పెడతారు. ఒక రాత్రి చూస్తే అందరి కప్పులూ పొగలు కక్కుతున్నాయి, ఒక పెద్దాయన కప్పు మాత్రం సింకు పక్కన బోర్లించే ఉంది. ఏంటి సంగతని పక్కవాణ్ణి అడిగితే "హీజ్ బీన్ సెంట్ టు కోవెంట్రీ" అన్నాడు.

కోవెంట్రీ రైల్లో అరగంట కూడా పట్టదు. మా బాబాయి కొడుకు అక్కడే చదువుతున్నాడు. పాపం, ఈ వయసులో ట్రాన్స్‌ఫరా అనుకుని నేరుగా ఆయన దగ్గరికే వెళ్లా. "ఎప్పుడు షిఫ్ట్ అవుతున్నారు సార్? రూమ్ కావాలంటే మా తమ్ముణ్ణి అడుగుతా" అన్నా.

ఆయన నన్ను కాసేపు అలాగే చూసి పగలబడి నవ్వాడు. సిగరెట్ బ్రేకుల సంగతి మేనేజరుకు చెప్పాడని అందరూ కలిసి ఆయన్ని వెలివేశారట. కోవెంట్రీకి పంపడమంటే ఇదే, మనిషి ఎదురుగా ఉన్నా లేనట్టే. 1640ల అంతర్యుద్ధంలో బర్మింగ్‌హామ్ జనం రాజు మనుషుల్ని పట్టుకుని కోవెంట్రీకి పంపేవారనీ, అక్కడ వాళ్లతో ఎవరూ మాట కలిపేవారు కాదనీ ఒక కథ ఉందని ఆయనే చెప్పాడు. మాట్లాడక ఎన్నాళ్లయిందో, బ్రేక్ అయిపోయినా వదల్లేదు.

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషుకు డబ్బు కడితే, గట్టి వానంటే కుక్కలూ పిల్లులూ కురవడమని నెల రోజులు వల్లె వేయించారు. బర్మింగ్‌హామ్‌లో ఉన్నన్నాళ్లూ వాన లేని వారం లేదు, ఆ మాట ఒక్కడి నోటా వినలేదు. లిస్టులు బట్టీ పట్టకండి. ఎవరు ఎవరి మీద అలిగారో గమనించండి, ఆ పూట చెవిన పడ్డ మాట చచ్చినా మర్చిపోరు.

మర్నాడు రాత్రి బ్రేక్‌లో వెళ్లి చూస్తే సింకు పక్కన రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. రెండోది నాది.