కొత్త ఊరు, కొత్త బడి: హోంవర్క్ తీస్తే ఏడ్చే బాబుకు ఇంట్లో ఏం చేయాలి?

ప్రశ్న: మా వారు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తారు. బాబుకు తొమ్మిదేళ్లు. మూడో తరగతి వరకు శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లో నాన్నమ్మ, తాతయ్యల దగ్గర ఉండి చదువుకున్నాడు. అక్కడ పాఠాలు ఎక్కువగా తెలుగులోనే చెప్పేవారు. ఈ జూన్‌లో ఇక్కడికి తీసుకొచ్చి ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతిలో చేర్చాం. క్లాసులో ఎవరితోనూ కలవడం లేదని టీచర్ అంటున్నారు. ఇంట్లో పుస్తకం తీస్తే ఏడుపు, పొద్దున లేస్తే కడుపునొప్పి. మార్కులు బాగా తగ్గాయి. ట్యూషన్ పెట్టమని అందరూ చెబుతున్నారు. పెట్టమంటారా? ఇంట్లో మేమేం చేయాలి?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందుగా మీరు అడిగినదానికి సూటిగా జవాబు చెబుతాను. ట్యూషన్ ఇప్పుడే వద్దు. ఒకే నెలలో మీ బాబు తనను పెంచిన నాన్నమ్మ తాతయ్యలకు, కలిసి ఆడుకున్న స్నేహితులకు, పాఠం అర్థమయ్యే భాషకు దూరమయ్యాడు. పెద్దవాళ్లమైతే ఇలాంటి మార్పు గురించి నలుగురితో చెప్పుకుని బాధ తీర్చుకుంటాం. ఈ వయసు పిల్లలకు ఆ మాటలు ఇంకా రావు. వాళ్లలోని దిగులు కడుపునొప్పిగానో, మంకుపట్టుగానో, పుస్తకం మీద కోపంగానో బయటపడుతుంది. స్కూలు నుంచి వచ్చిన పిల్లవాడిని సాయంత్రం మరో రెండు గంటలు ఇంకో కొత్త చోట, అర్థం కాని అవే పాఠాల ముందు కూర్చోబెడితే, మీతో గడిపే సమయమూ ఆడుకునే సమయమూ రెండూ పోతాయి. ఇప్పుడు అతనికి అన్నిటికంటే అవసరమైనవి అవే.

అయితే అంతా మనసుకే అంటగట్టి ఊరుకోకూడదు. మీకు దగ్గర్లోని పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. కడుపునొప్పి బడి ఉన్న రోజుల్లోనే వస్తూ, ఆదివారాలూ సెలవుల్లో కనిపించకుండా, బొడ్డు చుట్టూ ఉంటే చాలావరకు అది ఆందోళన వల్ల వచ్చేదే. ఆ నొప్పి నటన కాదు, బాబుకు నిజంగానే నొప్పి పుడుతుంది. కాబట్టి ‘బడి ఎగ్గొట్టడానికి వేషాలు’ అని ఎవరూ అనకుండా చూడండి. నొప్పితో రాత్రి నిద్రలో లేవడం, బరువు తగ్గడం, జ్వరం, పదేపదే వాంతులు, విరేచనంలో రక్తం, నొప్పి ఒకే పక్కన ఉండడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా పరీక్షలు చేయించాలి. కంటి చూపు, వినికిడి, రక్తహీనత కూడా అదే సందర్భంలో చూపించండి. వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడికి బోర్డు సరిగా కనిపించకపోయినా, టీచరు మాట సగమే వినిపించినా, ‘శ్రద్ధ లేదు’ అనే పేరు తేలిగ్గా వచ్చేస్తుంది.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోనే మాట్లాడితే తొందరగా భాష వస్తుందని మీకు సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. బాబుకు ఆలోచన వచ్చేది, ఏడుపు వచ్చేది, కోపం వచ్చేది తెలుగులోనే. ఆ భాష కూడా ఇంట్లో లేకపోతే అతనికి మాట్లాడుకోవడానికి చోటే మిగలదు. చదువు కోణంలో చూసినా ఇదే సరైన పద్ధతి. ఒక విషయం తెలిసిన భాషలో అర్థమైతే, దాన్ని కొత్త భాషలోకి మార్చుకోవడం పిల్లలకు సులువు. రేపటి సైన్సు పాఠం మొక్కల గురించి అయితే, ఈ రాత్రి వంటింట్లో పెసలు నానబెడుతూ అవి నీళ్లు ఎందుకు పీల్చుకుంటాయో, మొలక ఎక్కడి నుంచి వస్తుందో తెలుగులో మాట్లాడండి. ఆ తర్వాత పాఠంలోని నాలుగైదు ఇంగ్లిష్ మాటలు మాత్రం చెప్పండి. మర్నాడు క్లాసులో టీచరు చెప్పేది అతనికి పూర్తిగా కొత్తగా అనిపించదు. రోజూ పడుకునే ముందు ఒక తెలుగు కథ చదివి వినిపించండి, లేదా అతని చేత చదివించుకుని వినండి. ద్వారకానగర్‌లోని విశాఖ పబ్లిక్ లైబ్రరీకి సెలవు రోజున తీసుకెళ్లి, ఏ పుస్తకం చూడాలో అతన్నే ఎంచుకోనివ్వండి.

హోంవర్క్ దగ్గర ఏం జరుగుతుందో నేను కొంత ఊహించగలను. ఉదాహరణకు 402లోంచి 178 తీసివేయాలి. బాబు రెండులోంచి ఎనిమిది పోదని గమనించి పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలనుకుంటాడు. అక్కడ సున్నా ఉంటుంది. చేతిలోని పెన్సిల్ ఆగిపోతుంది. ‘ఇంత చిన్న లెక్క కూడా రాదా’ అన్న మాట సరిగ్గా అక్కడే వస్తుంది, ఆపైన ఇక లెక్క ఉండదు, ఏడుపే ఉంటుంది. ఆ మాటకు బదులు ‘ఎక్కడ ఆగావో చూపించు’ అనండి. నాలుగు వంద రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు బల్ల మీద పెట్టండి. 178 రూపాయలు ఇవ్వాలంటే చిల్లర కావాలి కదా. ఒక వందను పది పదులుగా మార్చండి, అందులో ఒక పదిని పది రూపాయి బిళ్లలుగా మార్చండి. ఇప్పుడు మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు ఉన్నాయి. అతని చేతనే ఇప్పించండి. మిగిలిన 224 అతనే లెక్కపెట్టి చెబుతాడు. అప్పుడు ‘శభాష్, తెలివైనవాడివి’ అనడం కన్నా ‘ఆ వందను మార్చాలన్న ఆలోచన నీకే వచ్చింది’ అనడం మేలు. అతను ఏం చేసి నెగ్గాడో అతనికే తెలియాలి. రేపు మరో లెక్క దగ్గర ఆగినప్పుడు అదే పనికొస్తుంది.

ఒక్కోరోజు ఇవేవీ పనిచేయవు, ఏడుపు మొదలైపోతుంది. ఏడుస్తున్న పిల్లవాడి బుర్రకు లెక్క ఎక్కదు. పుస్తకం మూసేయండి, మంచినీళ్లు ఇవ్వండి, పక్కన కూర్చోండి. ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంటి’ అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదని గట్టిగా కోరుతున్నాను. దానికి బదులు అతని మనసులో ఉన్నదాన్ని మీరే మాటల్లో పెట్టండి: ‘నాన్నమ్మ గుర్తొస్తోందా?’, ‘టీచరు చెప్పింది అర్థం కాక భయమేసిందా?’ తప్పుగా అడిగినా ఫరవాలేదు, ‘కాదు’ అంటూనే అసలు విషయం చెబుతాడు. నాన్నమ్మతో ఫోను కూడా అతను బెంగపెట్టుకున్నప్పుడు మాత్రమే కాకుండా, వారంలో కొన్ని రోజులు ఒకే వేళకు అలవాటు చేయండి. మాట్లాడితే బెంగ పెరుగుతుందని కొందరు ఫోను తగ్గిస్తారు. అది పొరపాటు. మళ్లీ ఎప్పుడు మాట్లాడతాడో తెలిసిన పిల్లవాడు ధైర్యంగా ఉంటాడు.

మీ వారి షిఫ్టుల గురించి ఒక మాట. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి. ఆ నిద్ర చెడకూడదని పిల్లల చేతికి ఫోను ఇచ్చి ఒక మూల కూర్చోబెట్టడం షిఫ్టు డ్యూటీలున్న ఇళ్లలో చాలాచోట్ల జరిగేదే. అందులో తప్పు పట్టడానికేమీ లేదు గానీ, ఈ బాబుకు ఇప్పుడు ఫోను కన్నా మనిషి కావాలి. ఆ వేళ అతన్ని కింద ఆటకు పంపండి, లేదా మీ పనిలో చేయి వేయనివ్వండి. తండ్రికి రోజూ సాయంత్రం కుదరకపోవచ్చు. బి షిఫ్టు (మధ్యాహ్నం డ్యూటీ) వారంలో ఉదయం బడి ఆటో దాకా నడిపించి ఎక్కించడం, ఎ షిఫ్టు (ఉదయం డ్యూటీ) వారంలో రాత్రి కథ చదవడం, వీక్లీ ఆఫ్ రోజు స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ ఉక్కునగరంలో ఓ గంట కలిసి ఆడడం – ఇలా షిఫ్టును బట్టి ముందే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆ సమయంలో మార్కుల ప్రస్తావన, ఫోను రెండూ ఉండకూడదు. పావుగంటైనా చాలు, కానీ చెప్పినట్టు జరగాలి.

స్నేహితుల విషయంలో పుట్టినరోజు పేరుతో క్లాసంతటినీ పిలవకండి. బిడియం ఉన్న పిల్లవాడు గుంపులో ఇంకా ముడుచుకుపోతాడు. అదే ఆటోలో వచ్చే పిల్లాడో, పక్క వీధి పిల్లాడో ఒక్కడిని ఆదివారం ఇంటికి పిలవండి. క్యారమ్స్ లాంటి ఆట ముందు కూర్చోబెట్టండి. ఆట ఉంటే మాట దానంతటదే వస్తుంది. ‘నేనూ ఆడొచ్చా?’ అని ఎలా అడగాలో, వాళ్లు వద్దంటే ఏం చేయాలో ఇంట్లో ముందే మీరూ బాబూ ఆడి చూడండి. టీచరును కలిసి, నెమ్మదస్తుడైన పిల్లవాడి పక్కన కూర్చోబెట్టమని, కొన్నాళ్లు అందరి ముందూ లేపి ప్రశ్నలు అడగవద్దని కోరండి. బడిలో ఎవరైనా వెక్కిరిస్తున్నారా, కొడుతున్నారా అన్నది కూడా మెల్లగా కనుక్కోండి. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. అలాంటిది తెలిస్తే ప్రిన్సిపాల్‌తో మాట్లాడడానికి సంకోచించకండి.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఉదయం ఆరుకు లేచే పిల్లవాడు రాత్రి తొమ్మిదికల్లా నిద్రపోవాలి, అంతకు గంట ముందే ఇంట్లో టీవీ, ఫోను ఆగాలి.

ఇవన్నీ రెండు నెలలు పట్టుగా చేసి చూడండి. ఏడుపు, కడుపునొప్పి తగ్గి, ఒక్క స్నేహితుడైనా ఏర్పడితే దారిలో పడ్డట్టే. మార్కులు ఆ తర్వాత పెరుగుతాయి. అప్పటికీ ఏదైనా సబ్జెక్టులో వెనకబడి ఉంటే ట్యూషన్ గురించి ఆలోచించవచ్చు. తెలుగులో కూడా అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నా, చూసి రాసేటప్పుడు కూడా అక్షరాలు తారుమారవుతున్నా, నోటితో చక్కగా చెప్పినదాన్ని రాయలేకపోతున్నా అది చదవడంలో, రాయడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది కావచ్చు. దాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది, నిర్ధారణ అయితే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు ఉంటాయి. అలాగే బడికి పూర్తిగా మొండికేయడం, తిండి నిద్ర తగ్గడం, తనను తాను కొట్టుకోవడం వంటివి కనిపిస్తే రెండు నెలలు ఆగకుండా నిపుణులకు చూపించాలి. ‘నేను లేకపోతే బాగుణ్ను’ అన్న మాట వస్తే ఆ రోజే చూపించాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. రాత్రి వేళైనా 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు కడుపునొప్పి ఏ రోజున, ఏ వేళకు, ఎంతసేపు వచ్చిందో రాసుకున్న కాగితం, బాబు తెలుగు, ఇంగ్లిష్, లెక్కల నోటు పుస్తకాలు, ఊళ్లోని పాత బడి మార్కుల కార్డు తీసుకెళ్లండి. వీలైతే మీ వారు కూడా రావాలి. బాబు గురించి అతని ఎదురుగానే ఫిర్యాదుగా చెప్పకుండా, అతన్ని కాసేపు బయట ఆడుకోమని పంపి డాక్టరుతో మాట్లాడండి.