మూకీ చిత్రానికి ప్రత్యక్ష పియానో: చెన్నైలో చిన్న హాలుకు ఏర్పాట్లు ఎలా?

చెన్నైలోని మీ తెలుగు సంఘం హాలులో ఒక మూకీ చిత్రాన్ని పియానో వాదనతో చూపించాలనుకుంటున్నారనీ, వాద్యకారుడికి ముందుగా ఏమివ్వాలో తెలియడం లేదనీ రాశారు. ఈ నగరంలో ఇటువంటి ప్రదర్శనల ఏర్పాట్లు కొంతకాలంగా చూస్తున్నాను కనుక చెబుతున్నాను: స్వరాలు రాసిన కాగితాలకన్నా ముందు, ఆ రోజు తెరమీద వేయబోయే ప్రతినే ఆయన చేతికివ్వండి.

టాకీలు వచ్చాక సెకనుకు 24 ఫ్రేములు (విడి బొమ్మలు) అన్నది స్థిరపడింది గానీ, అంతకుముందు చాలాకాలం కెమెరాను చేత్తోనే తిప్పేవారు కనుక ఆ వేగం చిత్రాన్నిబట్టి మారేది. 24 ఫ్రేముల వేగంతో గంటలో ముగిసే చిత్రం 16 ఫ్రేములకు గంటన్నర నడుస్తుంది. ఒకే చిత్రానికి దొరికే డిజిటల్ ప్రతుల నిడివి కలవకపోవడానికి ఇదొక కారణం (పోయిన రీళ్ళు మరొకటి). వాద్యకారుడు ఇంట్లో ఒక ప్రతితో సాధన చేసి, హాలులో మనం మరొకటి వేస్తే, తెరమీద పరుగు ఆగిపోయినా ఆయన వేళ్ళు ఇంకా పరుగెడుతూనే ఉంటాయి.

మనవాళ్ళు తీసిన మూకీయే వేయాలన్న కోరిక సహజమే. అయితే 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టిన రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు లభించదు. మొదటి ప్రయత్నానికి హాలీవుడ్ హాస్యనటుడు బస్టర్ కీటన్ ‘షెర్లాక్ జూనియర్’ (1924) నయమని నా అభిప్రాయం. ముప్పావుగంటే కనుక ఒక్కరే ఆపకుండా వాయించగలరు. మన చట్టంలో చలనచిత్రానికి కాపీరైట్ హక్కు 60 ఏళ్ళే కాబట్టి ఆ చిత్రంతో చిక్కులేదు గానీ, ప్రతితోపాటు వచ్చే సంగీతం ఈమధ్య చేర్చినదై ఉండవచ్చు. ఎలాగూ పియానో ఉంది కనుక ఆ శబ్దాన్ని పూర్తిగా ఆపివేయండి.

తెలిసిన సినిమా పాటల బాణీలు వద్దని వాద్యకారుడికి గట్టిగా చెప్పండి. జనం ఆ పాటను గుర్తుపట్టి నవ్వుకుంటారు, తెరమీది హాస్యం దాటిపోతుంది. కీటన్ ముఖంలో ఏ భావమూ కదలదు కనుక, ఆయన పడిపోయిన ప్రతిసారీ పియానోను దబ్బున మోగించడంకన్నా కొన్ని చోట్ల చేతులు తీసేసి ఊరుకోవడమే బాగా నవ్విస్తుంది.

పియానోను తెరకు ఒక పక్కగా, వాద్యకారుడికి మెడ తిప్పకుండా బొమ్మ కనిపించేలా ఉంచి, కీబోర్డుమీదికి మాత్రమే పడే చిన్న దీపం పెట్టండి. అసలు పియానో అయితే చెన్నై తేమకు శ్రుతి తప్పుతుంది కనుక హాలుకు చేర్చాకే శ్రుతి చేయించాలి. 88 మెట్ల డిజిటల్ పియానోకు ఆ బాధ లేదు. మధ్యమధ్య తెరమీద మాటలు చూపే టైటిల్ కార్డులను పిల్లలకోసం తెలుగులో ఎవరైనా చదివేటట్లయితే, వారిని కూడా సాధనకు పిలవండి, అక్కడ పియానో ఎంత తగ్గాలో ఇద్దరూ ముందే తేల్చుకుంటారు.