కుటుంబంతో కలిసి చదవడానికి కతోలిక పుస్తకాలు: దేనితో మొదలుపెట్టాలి?

ముందు బైబిల్ ప్రతిని సరిచూసుకోండి. కతోలిక బైబిల్‌లో 73 గ్రంథాలుంటాయి: పాత నిబంధనలో 46, కొత్త నిబంధనలో 27. విషయసూచికలో తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు కనిపించకపోతే అది ప్రొటెస్టెంట్లు వాడే 66 గ్రంథాల ప్రతి. దివ్యబలిపూజలో (గుడిలో జరిగే మాస్‌లో) వినే కొన్ని పఠనాలు అందులో దొరకవు.

మిగతా పుస్తకాల మొదటి పేజీల్లో ‘ఇంప్రిమాతూర్’ ఉందేమో చూడండి. అది ముద్రణకు బిషప్ ఇచ్చే అనుమతి. విశ్వాసానికి, నైతిక బోధకు విరుద్ధమైనదేదీ లేదనే దానర్థం, పుస్తకం గొప్పదని కాదు.

ఆదికాండం నుంచి వరుసగా చదవాలనుకోవడం వల్లే తరచూ చదువు మధ్యలో ఆగిపోతుంది. నిర్గమకాండం సగం దాటాక ఆరాధన గుడారపు కొలతలు, ఆపై లేవీయకాండంలో బలుల నియమాలు వస్తాయి. పిల్లలు అక్కడే జారుకుంటారు. మార్కు సువార్త 16 అధ్యాయాలే. రోజుకు పది పన్నెండు వచనాలు చదివితే రెండు నెలల్లో పూర్తవుతుంది. ఒకరు పైకి చదవాలి, ఒక నిమిషం మౌనంగా ఉండాలి, తర్వాత తలా ఒక మాట, చివర చిన్న ప్రార్థన. ఆ మౌనాన్ని మాత్రం వదలొద్దు.

సందేహాలకు కతోలిక శ్రీసభ అధికారిక బోధనల పుస్తకం ‘శ్రీసభ సత్యోపదేశం’ ఉంది కానీ అందులో 2865 పేరాలు! ఇంటికి దాని 2005 నాటి సంగ్రహం నయం, 598 ప్రశ్నోత్తరాలు.

ఒంటరిగా చదివేవారికి పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ 1609లో గృహస్థులను దృష్టిలో పెట్టుకుని రాసిన ‘భక్తి జీవితానికి ప్రవేశిక’ మంచి ఆరంభం, అధ్యాయాలు చిన్నవి. పునీత సిలువ యోహాను ‘చీకటి రాత్రి’ని మొదటే పట్టుకోకండి. ప్రార్థనలో కొంత దూరం నడిచినవారికి రాసింది అది. కొత్తవారు మామూలు దిగులునే ఆ ‘రాత్రి’, అంటే ప్రార్థనలో దేవుడు దూరమైనట్టు అనిపించే దశ, అనుకుని పొరబడతారు.