సీఏ ఆర్టికల్‌షిప్‌కు 14 అంగుళాల తేలికపాటి ల్యాప్‌టాప్ పనికొస్తుందా?

మీ అమ్మాయి కూకట్‌పల్లి నుంచి అబిడ్స్‌లోని ఆడిటరు ఆఫీసుకు ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులో భాగమైన ఆఫీసు శిక్షణ) కోసం వెళ్లబోతున్నదని, తనకు 13 లేదా 14 అంగుళాల తేలికపాటి ల్యాప్‌టాప్ కావాలంటున్నదని, అదే ధరకు 15.6 అంగుళాలది ఇంకా వేగవంతమైన ప్రాసెసర్‌తో వస్తున్నప్పుడు చిన్నది ఎందుకని మీరు సందేహిస్తున్నారని రాశారు. నేను ఇదే నగరంలో ఆడిట్, జీఎస్టీ పనుల మీద క్లయింట్ల దగ్గరకు తిరుగుతూ కొన్నేళ్లుగా 14 అంగుళాల యంత్రాన్నే వాడుతున్నాను. అంతకుముందు 15.6 అంగుళాలది మోశాను. నా మొగ్గు మీ అమ్మాయి వైపే, అయితే ఒక షరతుతో. చిన్న ల్యాప్‌టాప్ లోపాలలో కొన్ని తర్వాత కొద్దిపాటి ఖర్చుతో సరిదిద్దుకోగలిగినవి. మరికొన్ని కొన్న రోజు ఎలా ఉన్నాయో చివరిదాకా అలాగే ఉండేవి. చాలామంది మొదటి రకం లోపాలను చూసి వెనక్కి తగ్గుతారు, రెండో రకాన్ని చూడకుండా కొంటారు.

బరువుతో మొదలుపెడతాను. 15.6 అంగుళాల మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్ సుమారు 1.6 నుంచి 1.9 కిలోల దాకా ఉంటుంది. 13, 14 అంగుళాల తేలికపాటివి 1 నుంచి 1.4 కిలోల మధ్య దొరుకుతాయి. అరకిలో తేడాకు ఇంత చర్చ ఎందుకని షాపులో అనిపించడం సహజమే. కాని ఆర్టికల్ అసిస్టెంటు సంచిలో ల్యాప్‌టాప్‌తో పాటు టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, వోచర్ల ఫైలు, ఖాళీ దొరికితే చదువుకోవడానికి సీఏ ఫైనల్ మాడ్యూల్ పుస్తకం ఒకటి ఉంటాయి. కూకట్‌పల్లి నుంచి నాంపల్లికి రైలు మారకుండా మెట్రోలో వెళ్లవచ్చు గాని, ఉదయం వేళ అమీర్‌పేటలో జనం దిగేదాకా సీటు దొరకదు. జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడలకు పంపిన రోజు ఆ మెట్రో కూడా ఉండదు. అయితే ఒక జాగ్రత్త: తేలికపాటి యంత్రానికి పాతకాలపు ఇటుకలాంటి ఛార్జర్, పెద్ద మౌస్, నాలుగు అడాప్టర్లు తోడైతే తగ్గించుకున్న బరువంతా వాటికే పోతుంది. కాబట్టి యంత్రం బరువును కాదు, సర్దిన సంచి బరువునే లెక్కలోకి తీసుకోవాలి. టైప్-సీ ద్వారా ఛార్జ్ అయ్యే యంత్రమైతే 65 వాట్ల చిన్న గాలియం నైట్రైడ్ ఛార్జర్ ఒక్కటి ల్యాప్‌టాప్‌కూ ఫోనుకూ సరిపోతుంది.

బరువుకంటే ఎక్కువగా నాకు పనికొచ్చిన గుణం యంత్రం ఆక్రమించే స్థలం తక్కువ కావడం. దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. ఆడిట్ అంటే విశాలమైన బల్ల, తిరిగే కుర్చీ అనుకుంటాం. బేగం బజారులోని టోకు దుకాణంలో మనకు దొరికేది గల్లాపెట్టె పక్కన ఒక స్టూలు, బిల్లుబుక్కులు పరిచిన బల్ల మీద ఒక మూల. అక్కడ 15.6 అంగుళాలది తెరిస్తే యజమాని క్యాలిక్యులేటర్ కింద పడుతుంది. తెర పూర్తిగా 180 డిగ్రీలు వాలే మోడల్ అయితే ఎదురుగా కూర్చున్న గుమాస్తాకు లెక్క చూపించడం కూడా సులువు. మార్చి నెలాఖరులో స్టాకు లెక్కింపుకు వెళ్లినప్పుడు ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. గోడౌన్‌లో బస్తాల వరసల మధ్య నడుస్తూ, ఎడమచేతి మీద యంత్రాన్ని ఆనించుకొని, కుడిచేత్తో ఎక్సెల్‌లో అంకెలు వేసుకుంటూ పోవడం కిలో పైచిలుకు యంత్రంతో సాధ్యం. రెండు కిలోలకు దగ్గరపడే యంత్రంతో పది నిమిషాలకే చెయ్యి లాగుతుంది, ఆ తర్వాత కాగితం మీద రాసుకొని సాయంత్రం మళ్లీ ఎక్కించుకోవలసి వస్తుంది. ఒకే పని రెండుసార్లు చేసినప్పుడే తప్పులు దొర్లుతాయని ఆడిట్‌లో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు.

గోడౌన్లలో ప్లగ్ పాయింటు దొరకదు కనుక బ్యాటరీ ముఖ్యం. ప్రకటనలలోని గంటలను పక్కనపెట్టి, బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లో (అందులో నిల్వ ఉండే కరెంటు కొలత అది) చూడండి. 54 వాట్ అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం సగటున 8 వాట్లు వాడుకుంటే ఆరున్నర గంటలకు పైగా వస్తుంది. తెర వెలుగు పెంచి, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచి 15 వాట్లు వాడుకుంటే మూడున్నర గంటలకే ఆగుతుంది. చిన్న తెరకు తక్కువ కరెంటు చాలు, అది దీనికున్న మేలు. కాని బాగా పలుచటి వాటిలో బ్యాటరీకి కూడా చోటు తగ్గించి ఉంటారు కాబట్టి 50 వాట్ అవర్లకు తగ్గితే నేను కొనను.

ఇక తెర. మీ భయం ప్రధానంగా దీని గురించే కదా. 14 అంగుళాలలో ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది 16:10 నిష్పత్తి, 1920×1200 పిక్సెళ్లు, 15.6 అంగుళాలలో ఇంకా ఎక్కువగా కనిపించేది 16:9, 1920×1080. రెండింటినీ విండోస్‌లో ఒకే స్కేలింగ్ (తెర మీద అక్షరాలను పెద్దవి చేసే అమరిక), 125 శాతం, పెట్టి ఎక్సెల్ తెరిస్తే నిలువు వరసలు రెండింటిలోనూ సమానంగానే కనిపిస్తాయి, అడ్డవరసలు మాత్రం చిన్నదానిలోనే ఎక్కువ. అక్షరం పరిమాణం మాత్రం ఎనిమిదో వంతు దాకా తగ్గుతుంది. ఇంగ్లీషు అంకెలకు అది ఇబ్బంది కాదు. తెలుగుకు ఇబ్బందే. సహకార సంఘాల తీర్మానాలు, దేవస్థానాల రసీదులు పీడీఎఫ్‌లో చదవవలసి వస్తే థ, ధ తేడా, ఒత్తుల తేడా చిన్న అక్షరాలలో కలిసిపోతాయి. పెద్దవి చేసి చదవక తప్పదు. రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి సరిచూడడానికి 14 అంగుళాలు నిజంగా చాలదు. దానికి మందు ఉంది: ఇంట్లో ఒక 24 అంగుళాల మానిటర్ పెట్టుకుంటే రాత్రి పని దాని మీద నడుస్తుంది. ఇది మొదటి రకం లోపం, అంటే తర్వాత డబ్బుతో తీరేది.

నంబర్ ప్యాడ్ కూడా అలాంటిదే. 14 అంగుళాల యంత్రాలలో కుడివైపు అంకెల మీటలు ఉండవు. వోచర్లు ఎక్కించే చేతికి మొదట్లో అది పెద్ద లోటుగా తోస్తుంది. విడిగా దొరికే చిన్న యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఆఫీసు డ్రాయర్‌లో పెట్టుకుంటే సరిపోతుంది, రోజూ మోయనక్కర్లేదు. ఇంతకంటే ముఖ్యమైనది ఎఫ్‌ఎన్ మీట సంగతి. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీలో చెల్లింపుకు ఎఫ్5, రసీదుకు ఎఫ్6, జర్నల్‌కు ఎఫ్7 నొక్కాలి. చాలా చిన్న ల్యాప్‌టాప్‌లలో పై వరస మీటలు మామూలుగా శబ్దం, వెలుగు మార్చే పనికి కేటాయించి ఉంటాయి, అందుచేత రసీదు వోచర్ తెరుద్దామని నొక్కితే తెర మసకబారుతుంది. ఆ మీటలను మళ్లీ ఎఫ్5, ఎఫ్6లుగానే పనిచేయించే ఎఫ్‌ఎన్ లాక్ పెట్టుకునే వీలుందో లేదో, హోమ్, ఎండ్, పేజ్ అప్ విడిగా ఉన్నాయో లేదో చూసే కొనాలి. పైకీ కిందికీ వెళ్లే బాణపు మీటలు సగం ఎత్తువే ఉంటే ఎక్సెల్‌లో వేలు తడబడుతూనే ఉంటుంది. కీబోర్డు మాత్రం రెండో రకం లోపం, తర్వాత మార్చలేరు.

పోర్టుల సంగతి సీఏ ఆఫీసులో ప్రత్యేకం. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో ఫారాలు దాఖలు చేయడానికి కావలసిన డిజిటల్ సంతకపు టోకెన్ సాధారణంగా పాత యూఎస్‌బీ-ఏ పోర్టులో పెట్టేదే. రెండు టైప్-సీ పోర్టులు మాత్రమే ఉన్న పలుచటి యంత్రం కొంటే గడువు చివరి రాత్రి అడాప్టర్ కోసం వెతుక్కోవాలి. యూఎస్‌బీ-ఏ కనీసం ఒకటి, హెచ్‌డీఎంఐ ఒకటి ఉన్న 14 అంగుళాల మోడళ్లు ఉన్నాయి, వాటినే చూడండి. ఇంటర్నెట్ కేబుల్ పెట్టే లాన్ పోర్టు ఈ తరహా వాటిలో దాదాపుగా ఉండదు. క్లయింట్ కేబుల్ ఇస్తే పెట్టుకోవడానికి చిన్న అడాప్టర్ కొనక తప్పదు.

అసలు జాగ్రత్తపడవలసింది ర్యామ్ దగ్గర. పలుచటి యంత్రాలలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డు మీదే అతికించి ఇస్తారు. 8 జీబీతో కొంటే అది ఎప్పటికీ 8 జీబీయే. ఎక్సెల్, బ్రౌజర్, ట్యాలీ, వీడియో కాల్ కలిసి నడిచే పనికి అది చాలదు, 16 జీబీ తీసుకోండి. ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గినా ఫరవాలేదు. ఫైళ్లు నిల్వ ఉండే ఎస్‌ఎస్‌డిని చాలావాటిలో తర్వాత మార్చుకోవచ్చు కనుక దాని గురించి అంత ఆందోళన అక్కర్లేదు.

వేడి కూడా సరిచేయలేనిదే. పలుచటి పెట్టెలో గాలి ఆడే చోటు తక్కువ, ఫ్యాను చిన్నది, కొన్నింటికి ఫ్యానే ఉండదు. ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడమంటుంది. మే నెలలో జీడిమెట్ల రేకుల షెడ్డులో ఆ హద్దు ఉదయమే దాటిపోతుంది. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. షాపువాడు చెప్పిన వేగవంతమైన ప్రాసెసర్‌కు డబ్బు పెట్టినా ఆ వేగం మనకు దక్కదన్నమాట. మన పనికి నిరంతర వేగం అక్కర్లేదు గనుక నాకిది పెద్ద లోపంగా తోచదు. వీడియో ఎడిటింగ్ చేసేవారు అడిగితే మాత్రం చిన్నది వద్దనే చెబుతాను. మ్యాక్‌బుక్‌ల ఊసెత్తాను కాబట్టి ఇంకొక మాట: ట్యాలీ ప్రైమ్ విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్, మ్యాక్‌లో నేరుగా నడవదు. మీ అమ్మాయి మనసు అటు లాగుతున్నా ఈ రెండేళ్ల ఆర్టికల్‌షిప్‌కు విండోసే నయం.

చిన్నవి బలహీనమైనవన్న మాట మన పెద్దవాళ్ల నోట ఇంకా వినిపించడానికి 2007లో వచ్చిన ఏసస్ ఈ-పీసీ వంటి నెట్‌బుక్‌లు కారణమని నా అనుమానం. ఏడు అంగుళాల తెర, 800×480 పిక్సెళ్లు. వాటితో ఆడిట్ పని ఊహించలేం. ఇప్పటివి ఆ జాతివి కావు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళితే షాపులు పక్కపక్కనే ఉంటాయి, బయట పెట్టిన యంత్రాలను పట్టుకొని చూడవచ్చు. మీ అమ్మాయినే తీసుకువెళ్లి, ఎక్సెల్‌లో కాసేపు అంకెలు కొట్టమనండి. ధర మాట్లాడేటప్పుడు ప్రమాదవశాత్తూ జరిగే నష్టానికి కూడా వర్తించే వారంటీ అడగండి. రద్దీలో సంచి నలిగి పలుచటి తెర పగిలితే మామూలు వారంటీ వర్తించదు, తెర మార్చే ఖర్చూ తక్కువేమీ కాదు.

వీటన్నిటికంటే ముందు ఆ ఆఫీసుకు ఫోను చేసి రెండు విషయాలు కనుక్కోండి. బయటి ఆడిట్‌లకు పంపుతారా, లేక లోపలే రిటర్నుల పనిలో కూర్చోబెడతారా? ఒకే చోట కూర్చునే పనైతే 15.6 అంగుళాలదే తీసుకోండి, నంబర్ ప్యాడ్ కలిసొస్తుంది. రెండోది, క్లయింట్ల లెక్కలు సొంత ల్యాప్‌టాప్‌లో ఉంచుకోవడానికి ఒప్పుకుంటారా? కొన్ని ఆఫీసులు ఒప్పుకోవు, తమ యంత్రాలనే ఇస్తాయి. అలాగైతే ఈ కొనుగోలును ఇప్పటికి వాయిదా వేయవచ్చు.